దూరదేశపు విమానాశ్రయాల మధ్య దూరాన్ని, ప్రయాణ సమయాన్ని సరిగ్గా లెక్కకట్టడం ఎలా?

లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఉదయం 11 గంటలకు బయలుదేరి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో మధ్యాహ్నం 2 గంటలకు దిగుతారని ఒక టికెట్టు మీద ఉందనుకుందాం. ఒక దానిలోంచి మరొకటి తీసివేస్తే మూడు గంటలు వస్తుంది, కానీ విమానంలో కూర్చోవలసింది ఎనిమిది గంటలు. తిరుగు ప్రయాణంలో రాత్రి 7 గంటలకు న్యూయార్క్‌లో ఎక్కినవారు మర్నాడు ఉదయం 7 గంటలకు లండన్‌లో దిగుతారు. పన్నెండు గంటలుగా కనిపించే ఆ ప్రయాణం నిజానికి ఏడు గంటలే. రెండు వైపులా దూరం ఒక్కటే అయినా పోయేటప్పుడు ఎనిమిది, వచ్చేటప్పుడు ఏడు ఎందుకయ్యాయో, గడియారం మూడు, పన్నెండు అని ఎందుకు చూపించిందో తెలియాలంటే ఈ లెక్కను పొరలు పొరలుగా విడదీసి చూడాలి.

ఈ లెక్క తెలిసి ఉండవలసిన అవసరం చాలామందికి వస్తుంది. ఇన్సులిన్ వంటి మందులను గంటల లెక్కన తీసుకునేవారికి గోడ గడియారం కంటే నిజంగా గడిచిన గంటలు ముఖ్యం. పసిపిల్లతో ప్రయాణించే తల్లికి ఎన్ని పూటల పాలు సిద్ధం చేసుకోవాలో తెలియాలి. ఒంటరిగా వస్తున్న పెద్దవారిని తీసుకురావడానికి వెళ్ళేవారు వారికంటే ముందే అక్కడ ఉండాలి. రెండు విమానాశ్రయాల మధ్య దూరం మారదు, సమయం మాత్రం ఒక్కటి కాదు: గాలిలో గడిచే సమయం, గేటు నుంచి గేటుకు పట్టే సమయం, గడియారాలు చూపే తేడా, గుమ్మం నుంచి గుమ్మానికి పట్టే మొత్తం సమయం అని అది నాలుగు రకాలు. ఇంటర్నెట్‌లో వెతికినప్పుడు ఒకచోట 6 గంటల 40 నిమిషాలనీ మరొకచోట 8 గంటలనీ కనిపించడానికి కారణం, చాలాసార్లు, ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు కావడమే.

మొదటి మెట్టు: ఏ విమానాశ్రయమో తేల్చుకోండి

నగరం పేరుతో లెక్క మొదలుపెట్టకండి, విమానాశ్రయం పేరుతో మొదలుపెట్టండి. లండన్‌కు హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ విమానాశ్రయాలున్నాయి. టోక్యోకు నగరాన్ని ఆనుకుని హనేడా ఉంటే, నరీతా నగరం నడిబొడ్డు నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. వేల కిలోమీటర్ల ఆకాశ ప్రయాణంలో ఈ తేడా లెక్కలోకి రాకపోవచ్చు గాని, దిగాక రోడ్డు మీదనో రైలులోనో పట్టే సమయాన్ని మాత్రం ఇదే నిర్ణయిస్తుంది.

పేర్లు కలిసిపోయే ప్రమాదం కూడా ఉంది. శాన్ హోసే అనే పేరుతో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక నగరం, మధ్య అమెరికాలోని కోస్టారికాలో ఆ దేశ రాజధాని ఉన్నాయి. మొదటి దాని సంకేతం ఎస్‌జేసీ, రెండో దానిది ఎస్‌జేఓ. అందుకే టికెట్టు మీద ఉండే మూడక్షరాల సంకేతాన్నే ప్రమాణంగా తీసుకోండి. కొన్ని సంకేతాలు ఒక విమానాశ్రయానికి కాక నగరం మొత్తానికి వర్తిస్తాయన్నది గుర్తుంచుకోండి. ఎన్‌వైసీ అంటే న్యూయార్క్ ప్రాంతం మొత్తం, జేఎఫ్‌కే అంటే అందులో ఒక్క విమానాశ్రయం.

రెండో మెట్టు: దూరం కనుక్కోండి

గోడకు వేలాడే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి కొలవడం ఇక్కడ పనికిరాదు. మనం ఎక్కువగా చూసే పటాల రూపం 1569లో గెరార్డస్ మెర్కేటర్ గీసిన పద్ధతి నుంచి వచ్చింది. ఓడ నడిపేవారికి దిక్కు తప్పకుండా ఉండడం కోసం తయారైన ఆ పద్ధతిలో ధ్రువాలకు దగ్గరయ్యే కొద్దీ నేల సాగిపోయి కనిపిస్తుంది, దూరాలు నమ్మదగినవిగా ఉండవు. గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం వెంట ఉంటుంది. భూమి కేంద్రం గుండా పోయే తలంతో గోళాన్ని కోస్తే ఉపరితలం మీద ఏర్పడే వృత్తమే మహావృత్తం.

ఇది మాటల్లో కంటే చేతుల్లో బాగా అర్థమవుతుంది. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని టోక్యో మీద ఒక కొస, లాస్ ఏంజెలెస్ మీద మరో కొస పెట్టి బిగించి లాగండి. రెండు నగరాలూ ఉత్తర అక్షాంశం 34, 36 డిగ్రీల మధ్య, దాదాపు ఒకే వరుసలో ఉన్నా దారం ఆ వరుసలో నిలవదు. పైకి జరిగి, పసిఫిక్ మధ్యలో 47 డిగ్రీలు దాటి, మళ్ళీ కిందికి దిగుతుంది. పటం మీద తిన్నగా కనిపించే అక్షాంశ రేఖ వెంటే పోతే దూరం సుమారు 9,230 కిలోమీటర్లు, దారం చూపిన దారిలో సుమారు 8,750. దాదాపు 480 కిలోమీటర్లు, అంటే అరగంట ప్రయాణం, తగ్గుతుంది. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలియదు.

అంకెల్లో కావాలంటే రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి. హీత్రూ సుమారుగా ఉత్తరం 51.47, పశ్చిమం 0.45 డిగ్రీల వద్ద, జేఎఫ్‌కే ఉత్తరం 40.64, పశ్చిమం 73.78 డిగ్రీల వద్ద ఉన్నాయి. ఇప్పుడు మూడు పనులు చేయాలి. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించండి. తరువాత రెండు అక్షాంశాల కొసైన్ విలువలను, రేఖాంశాల తేడా కొసైన్ విలువతో కలిపి మూడింటినీ గుణించండి. ఈ రెండు ఫలితాలనూ కూడితే, ఆ రెండు చోట్ల నుంచి భూమి కేంద్రానికి గీసిన గీతల మధ్య కోణం తాలూకు కొసైన్ వస్తుంది. మన ఉదాహరణలో మొదటి గుణకారం 0.5095, రెండోది 0.1356, మొత్తం 0.6451. దీనికి సరిపడే కోణం 49.83 డిగ్రీలు. భూమి ఉపరితలం మీద ఒక డిగ్రీకి సుమారు 111.2 కిలోమీటర్లు కాబట్టి, గుణిస్తే సుమారు 5,540 కిలోమీటర్లు తేలుతుంది.

తప్పులు ఎక్కువగా దొర్లేవి ఈ మెట్టులోనే. పశ్చిమ రేఖాంశాలకు, దక్షిణ అక్షాంశాలకు రుణ గుర్తు పెట్టాలి. అది మరిచిపోతే దక్షిణార్ధగోళంలోని సిడ్నీ జపాన్‌కు సమీపంలో తేలుతుంది. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇచ్చిన అంకెలను దశాంశంలోకి మార్చుకోవాలి. 30 నిమిషాలంటే 0.5 డిగ్రీ, 0.30 కాదు. కంప్యూటరులోని స్ప్రెడ్‌షీట్లు కోణాన్ని రేడియన్లలో అడుగుతాయి కాబట్టి డిగ్రీలను ముందుగా రేడియన్లలోకి మార్చాలి. వచ్చిన జవాబు 20,000 కిలోమీటర్లను స్పష్టంగా దాటితే ఎక్కడో తప్పు జరిగిందని వెంటనే గ్రహించండి, ఎందుకంటే భూమి మీద ఏ రెండు చోట్లయినా భూమి చుట్టుకొలతలో సగానికి మించి దూరంలో ఉండలేవు.

భూమి పూర్తి గోళం కాదు. మధ్యరేఖ వద్ద వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వద్ద 6,357. గోళంగా తీసుకున్నందువల్ల వచ్చే తేడా సాధారణంగా అర శాతం లోపలే ఉంటుంది గనుక ప్రయాణికులకు దాని గురించి బెంగ అక్కర్లేదు. రెండు వెబ్‌సైట్లలో 5,540 అనీ 5,555 అనీ కనిపిస్తే ఒకటి అబద్ధమనుకోకండి, లెక్క కట్టిన పద్ధతులు వేరు, అంతే. ఇంత శ్రమ వద్దనుకునేవారు గ్రేట్ సర్కిల్ మ్యాపర్ వంటి సైట్లలో రెండు సంకేతాలు ఇస్తే దూరంతో పాటు దారి కూడా పటం మీద కనిపిస్తుంది.

కొలమానం ఏదో తప్పక చూడండి. విమానయాన రంగంలో వాడే నాటికల్ మైలు 1,852 మీటర్లు, రోడ్ల మీద వాడే మైలు 1,609 మీటర్లు. పైన చెప్పిన 5,540 కిలోమీటర్లనే సుమారు 2,990 నాటికల్ మైళ్ళనీ 3,440 మైళ్ళనీ కూడా అంటారు. కేవలం ‘మైళ్ళు’ అని రాసి ఉన్నచోట ఏ మైలో తేలకుండా ముందుకు పోకండి.

మహావృత్త దూరానికి చట్టంలోనూ చోటుంది. విమానం బాగా ఆలస్యమైనప్పుడు, రద్దయినప్పుడు ప్రయాణికులకు ఇవ్వవలసిన పరిహారం గురించి యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన 261వ నిబంధనావళి పరిహారాన్ని దూరాన్ని బట్టి నిర్ణయిస్తూ, ఆ దూరాన్ని మహావృత్త పద్ధతిలోనే కొలవాలని స్పష్టంగా రాసింది. విమానం నిజంగా ఎంత చుట్టు తిరిగి వచ్చిందన్నది అక్కడ లెక్కలోకి రాదు.

మూడో మెట్టు: విమానం నిజంగా పోయే దారిని చేర్చండి

విమానం మహావృత్తాన్ని గీత గీసినట్టు పాటించదు. బయలుదేరిన రన్‌వే ఏ దిక్కుకు ఉంటే ముందు ఆ దిక్కుకు లేచి, తరువాత మలుపు తీసుకుంటుంది, దిగేటప్పుడూ అంతే. ఉత్తర అట్లాంటిక్ మీద, రాడార్ అందని నడిసముద్రంలో విమానాలను క్రమంలో పంపడానికి గాలుల అంచనాను బట్టి రోజూ కొత్తగా దారులు గీస్తారు. యూరప్ నుంచి అమెరికా వైపు పోయేవారికి పగటి దారులు, అటు నుంచి ఇటు వచ్చేవారికి రాత్రి దారులు ఉంటాయి. రెండే ఇంజన్లున్న విమానాలు, ఒక ఇంజను ఆగిపోయినా నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయాన్ని చేరగలిగేంత దూరంలోనే ప్రయాణించాలన్న నియమం కూడా మహాసముద్రాల మీద దారిని కొంత వంచుతుంది.

మామూలు పరిస్థితుల్లో ఈ కారణాలన్నింటికీ కలిపి మహావృత్త దూరానికి 3 నుంచి 5 శాతం కలుపుకుంటే సరిపోతుందన్నది నా అనుభవం. లండన్–న్యూయార్క్‌కు 4 శాతం కలిపితే దాదాపు 5,760 కిలోమీటర్లు అవుతుంది.

అయితే ఆకాశం మూతపడినప్పుడు ఏ శాతమూ పనిచేయదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం యూరప్ విమాన సంస్థలకు మూసుకుపోవడంతో, అంతకు ముందు సుమారు తొమ్మిదిన్నర గంటల్లో సాగే హెల్సింకి–టోక్యో ప్రయాణం సుమారు 13 గంటలకు పెరిగింది. కొన్ని విమానాలు ఉత్తర ధ్రువం మీదుగా పోవలసి వచ్చింది. ఆ రెండు నగరాల మధ్య మహావృత్త దూరం మాత్రం అంగుళం కూడా మారలేదు. కాబట్టి పాత పుస్తకంలోనో, పాత టికెట్టు మీదో చూసిన గంటలను, ముఖ్యంగా యూరప్‌కూ తూర్పు ఆసియాకూ మధ్య, ఇప్పటి ప్రయాణానికి వాడకండి.

దూరం పెరిగినా సమయం తగ్గే సందర్భాలూ ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకు మహావృత్త దూరం సుమారు 15,340 కిలోమీటర్లు, ఆ గీత ఉత్తర ధ్రువానికి 300 కిలోమీటర్ల లోపు నుంచే పోతుంది. కానీ సింగపూర్ నుంచి బయలుదేరే విమానం చాలా రోజుల్లో పసిఫిక్ మహాసముద్రం మీదుగా, ఎక్కువ కిలోమీటర్లయినా సరే, వెనుక నుంచి నెట్టే గాలిని వెతుక్కుంటూ వెళ్తుంది. విమానానికి దగ్గరి దారి కంటే తక్కువ సమయం, తక్కువ ఇంధనం ముఖ్యం.

నాలుగో మెట్టు: గాలిలో గడిచే సమయం కట్టండి

దూరాన్ని వేగంతో భాగించాలని అందరికీ తెలుసు. ఏ వేగంతో అన్నదే ప్రశ్న. పెద్ద విమానాల వేగాన్ని ధ్వని వేగంతో పోల్చి చెబుతారు. సముద్రమట్టం వద్ద గంటకు సుమారు 1,225 కిలోమీటర్లుండే ధ్వని వేగం, 11 కిలోమీటర్ల ఎత్తున సుమారు మైనస్ 56 డిగ్రీల చలిలో 1,062 కిలోమీటర్లకు పడిపోతుంది. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 విమానాలు సాధారణంగా అందులో 0.85 వంతు, అంటే గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. ఏ320 వంటి చిన్న విమానాలు 0.78 వంతు, అంటే సుమారు 830తో పోతాయి. దూర ప్రయాణానికి 900ని ఆధారంగా తీసుకోండి.

ఇది చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. ఆ గాలి తానే కదులుతూ ఉంటే నేలతో పోల్చిన వేగం మారిపోతుంది. పారే ఏటిలో పడవ లాంటిదే ఇది: తెడ్డు వేసే బలం ఒక్కటే అయినా ఏటివాలుకు పోయేటప్పుడు ఒడ్డు వేగంగా వెనక్కి జరుగుతుంది, ఎదురీదేటప్పుడు మెల్లగా జరుగుతుంది. విమానాలు తిరిగే ఎత్తులో, రెండు అర్ధగోళాల్లోనూ, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం సాగుతుంది. దాని వేగం తరచుగా గంటకు 150 నుంచి 250 కిలోమీటర్లు, చలికాలంలో ఒక్కోసారి 300 కూడా దాటుతుంది. తూర్పుకు పోయే విమానం దానిలోకి దూరి వాలుగాలిని వాడుకుంటుంది, పడమరకు పోయేది వీలైనంత తప్పించుకుంటూ పోతుంది. 2020 ఫిబ్రవరిలో ఒక బోయింగ్ 747 తుపాను గాలుల తోడుతో న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరడానికి కారణం ఈ ప్రవాహమే.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది గనుక పడమరకు పోయే విమానానికి గమ్యం తనంతట తానే ఎదురొస్తుందని చాలామంది అనుకుంటారు. అదే నిజమైతే పడమర ప్రయాణమే తక్కువ సమయంలో ముగియాలి, జరిగేది దానికి విరుద్ధం. భూమితో పాటు వాతావరణమూ తిరుగుతుంది, విమానం బయలుదేరక ముందే ఆ తిరుగుడులో భాగమై ఉంటుంది. తేడా తెచ్చేది గాలి.

ఇప్పుడు అంకెలు వేద్దాం. పడమరకు పోయేటప్పుడు సగటున 90 కిలోమీటర్ల ఎదురుగాలి అనుకుంటే నేల వేగం 810, దానితో 5,760ని భాగిస్తే 7 గంటల 7 నిమిషాలు. తూర్పుకు వచ్చేటప్పుడు సగటున 100 కిలోమీటర్ల వాలుగాలి అనుకుంటే నేల వేగం 1,000, అంటే 5 గంటల 46 నిమిషాలు. పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువగా ఉంటుంది కాబట్టి రెండింటికీ ఒక 20 నిమిషాలు కలపండి. పోయేటప్పుడు సుమారు ఏడున్నర గంటలు, వచ్చేటప్పుడు ఆరు గంటల పైచిలుకు తేలుతుంది.

పోయేటప్పుడు కోల్పోయింది వచ్చేటప్పుడు కలిసివస్తుంది కదా, మొత్తం సరిపోతుంది కదా అనిపించవచ్చు. సరిపోదు. గాలి లేని రోజున 5,760 కిలోమీటర్లకు రాను 6.4 గంటలు, పోను 6.4 గంటలు, మొత్తం 12.8. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉన్న రోజున ఎదురుగాలిలో 7.2, వాలుగాలిలో 5.76, మొత్తం 12.96 గంటలు. దాదాపు పది నిమిషాలు ఎక్కువ, ఎందుకంటే ఎదురుగాలి మనల్ని వెనక్కి పట్టి ఉంచే సమయం వాలుగాలి నెట్టే సమయం కంటే ఎక్కువ. గాలి ఎంత బలంగా ఉంటే ఈ తేడా అంత పెరుగుతుంది.

రెండు చోట్లూ ఉత్తర దక్షిణాలుగా ఉంటే ఈ హెచ్చుతగ్గులు తక్కువ. తూర్పు పడమరలుగా ఉంటే, అందులోనూ మధ్య అక్షాంశాల్లో ఉంటే, రెండు వైపులకూ ఒకే సమయం రాసుకోవడం తప్పు. టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు సుమారు 10 గంటలు పడితే, తిరిగి రావడానికి పదకొండున్నర నుంచి 12 గంటలు పడుతుంది.

అయిదో మెట్టు: గేటు నుంచి గేటుకు

టికెట్టు మీద ఉండే వేళలు విమానం నేల విడిచే వేళలు కావు. బయలుదేరే వేళ అంటే విమానం గేటు నుంచి వెనక్కి కదిలే వేళ, చేరే వేళ అంటే అవతలి గేటు దగ్గర ఆగే వేళ. ఈ మధ్య కాలాన్ని విమానయాన రంగంలో బ్లాక్ టైమ్ అంటారు. రద్దీగా ఉండే పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వే వరకు నెమ్మదిగా పోవడానికి, వరుసలో వేచి ఉండడానికి 15 నుంచి 30 నిమిషాలు, దిగాక గేటుకు చేరడానికి మరో 5 నుంచి 15 నిమిషాలు పట్టవచ్చు. మన లెక్కకు 35 నిమిషాలు కలిపితే పోయేటప్పుడు 8 గంటలు, వచ్చేటప్పుడు 6 గంటల 40 నిమిషాలు వస్తుంది. సంస్థలు చిన్న ఆలస్యాలను సర్దుకోవడానికి కొంత అదనపు సమయం కూడా వేసుకుంటాయి గనుక వచ్చేటప్పటిది టికెట్టు మీద సుమారు 7 గంటలుగా కనిపిస్తుంది. విమానం ‘ముందే’ చేరిందన్న ప్రకటన తరచుగా వినపడడానికి ఆ అదనపు సమయం ఒక కారణం.

ఆరో మెట్టు: గడియారాలను ఒకే చోటికి తెండి

టికెట్టు మీద ప్రతి వేళా ఆయా చోటి స్థానిక కాలంలోనే ఉంటుంది. రెండు వేర్వేరు గడియారాల అంకెలను నేరుగా తీసివేయకండి. రెండింటినీ యూటీసీ అనే సమన్వయ విశ్వకాలంలోకి మార్చి, అప్పుడు తీసివేయండి. చలికాలంలో లండన్ యూటీసీతో సమానం, న్యూయార్క్ దానికి 5 గంటలు వెనుక. ఉదయం 11కు లండన్‌లో బయలుదేరడం యూటీసీ 11, మధ్యాహ్నం 2కు న్యూయార్క్‌లో చేరడం యూటీసీ 19. తేడా 8 గంటలు, మొదట్లో మనల్ని తికమక పెట్టిన ఎనిమిది ఇదే.

అన్ని తేడాలూ పూర్తి గంటల్లో ఉండవు. భారత కాలం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు, నేపాల్ 5 గంటల 45 నిమిషాలు ముందు. అంతర్జాతీయ దినరేఖ దాటే ప్రయాణాల్లో తేదీ కూడా మారుతుంది. జనవరిలో సాయంత్రం 5 గంటలకు టోక్యోలో బయలుదేరి 10 గంటలు ప్రయాణిస్తే, టోక్యో గడియారంలో మర్నాడు తెల్లవారుజామున 3 గంటలు. లాస్ ఏంజెలెస్ 17 గంటలు వెనుక కాబట్టి అక్కడ అదే రోజు ఉదయం 10. ఎక్కిన వేళ కంటే ముందు వేళకు దిగినట్టు ఉంటుంది, లెక్కలో తప్పేమీ లేదు. చేరే వేళ పక్కన చిన్నగా కూడిక గుర్తుతో 1 అని ఉంటే మర్నాడని, 2 అని ఉంటే ఎల్లుండి అని అర్థం. ఆ చిన్న అంకెను చూడకపోవడం వల్ల హోటలు గది ఒక రోజు ముందుగా తీసుకున్నవారు ఉన్నారు.

వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అమెరికా మార్చి రెండో ఆదివారం జరుపుతుంది, బ్రిటన్, యూరప్ దేశాలు మార్చి చివరి ఆదివారం జరుపుతాయి. ఆ మధ్య రెండు మూడు వారాల పాటు లండన్, న్యూయార్క్‌ల మధ్య తేడా 5 గంటలు కాదు, 4 గంటలే. శరదృతువులో యూరప్ అక్టోబరు చివరి ఆదివారం, అమెరికా నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతాయి కాబట్టి అప్పుడూ ఒక వారం ఇలాగే ఉంటుంది. జపాన్, భారత్ వంటి దేశాలు గడియారాన్ని అసలు జరపవు. ఒక మార్చి నెలలో న్యూయార్క్ నుంచి లండన్‌కు వస్తున్న మా పెద్దమ్మ బయలుదేరిన వేళను మాత్రం ఫోనులో విని, ఎప్పటిలాగే ఐదు గంటలు కలిపి లెక్క వేసుకున్నాను. ఆమె నేను అనుకున్నదానికంటే గంట ముందు దిగి, ఫోను పనిచేయక, నేను వచ్చేదాకా ఒక్కతే నిలబడింది. ఆ రోజు నుంచి తేదీ చూడకుండా కాల భేదం చెప్పడం మానుకున్నాను.

ఏడో మెట్టు: మధ్యలో మారవలసి వస్తే

దూరం బాగా ఎక్కువైనప్పుడు ఒకే విమానంలో చేరడం కుదరకపోవచ్చు. ఇక్కడ రెండు మాటల తేడా తెలుసుకోండి. నాన్‌స్టాప్ అంటే మధ్యలో ఎక్కడా దిగనిది. డైరెక్ట్ అంటే విమానం నంబరు మారకుండానే మధ్యలో ఒకచోట ఆగే అవకాశం ఉన్నది. ఈ రెండింటినీ ఒకటిగా భావించి టికెట్టు కొనకండి.

ఏ నగరం మీదుగా పోవాలో తేల్చుకోవడానికి దూరం లెక్క మళ్ళీ పనికొస్తుంది. సిడ్నీ నుంచి లండన్‌కు మహావృత్త దూరం సుమారు 17,020 కిలోమీటర్లు. సింగపూర్ మీదుగా పోతే సుమారు 6,295, 10,880 కలిసి 17,175, అంటే అదనం ఒక్క శాతం లోపే. లాస్ ఏంజెలెస్ మీదుగా పోతే సుమారు 12,060, 8,760 కలిసి 20,820, అంటే 22 శాతం అదనం, కనీసం నాలుగు గంటలు ఎక్కువ. టికెట్టు ధర చూసేముందు ఇలా రెండు భాగాలను కూడి నేరు దూరంతో పోల్చండి. అయిదు శాతం లోపు ఉంటే ఆ మజిలీ దారిలో ఉన్నట్టే.

మజిలీలో ఆగే సమయం చాలాసార్లు గాలి కంటే, దూరం కంటే మొత్తం సమయాన్ని ఎక్కువగా మారుస్తుంది. ప్రతి విమానాశ్రయానికీ విమానం మారడానికి అవసరమైన కనీస సమయం నిర్ణయించి ఉంటుంది, ఒకే టికెట్టు మీద అమ్మే ప్రయాణాలు దానికి లోబడి ఉంటాయి. రెండు విడి టికెట్లు కొన్నవారికి ఆ రక్షణ లేదు. సామాను తీసుకుని, మళ్ళీ అప్పగించి, తనిఖీలు దాటవలసి రావచ్చు, ఆలస్యమైతే రెండో సంస్థ బాధ్యత వహించదు. విడి టికెట్ల మధ్య నాలుగు గంటలకు తక్కువ ఉంచుకోవద్దని నా సలహా. వయసు మళ్ళినవారు ఒంటరిగా వెళ్తుంటే ఇంకా ఎక్కువ ఉంచండి.

ఎనిమిదో మెట్టు: జరిగిన ప్రయాణాలతో సరిచూసుకోండి

మీరు కట్టిన లెక్క ఎంత దగ్గరగా ఉందో చూడడానికి మంచి మార్గం ఒకటుంది. ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ వంటి సేవల్లో విమానం నంబరు ఇస్తే ఇటీవలి రోజుల్లో అది నిజంగా ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో, ఏ దారిన పోయిందో కనిపిస్తుంది. ఒక్క రోజును కాక కనీసం వారం రోజులను చూడండి. అందులో అతి ఎక్కువ, అతి తక్కువ సమయాలను రాసుకుంటే మీ ప్రయాణం ఆ రెండింటి మధ్య ఎక్కడో పడుతుంది. మీరు పోయే కాలమే చూడడం ముఖ్యం. జులైలో చూసిన గంటలు జనవరికి సరిపోవు, వేసవి, శీతకాలపు వేళాపట్టికలు కూడా మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల నుంచి మారుతుంటాయి.

మందుల వేళలు చూసుకోవలసినవారు బయలుదేరే ముందే ఒక కాగితం మీద మూడు నిలువు గళ్ళు గీసి, గడిచిన గంటలు, బయలుదేరిన చోటి సమయం, చేరే చోటి సమయం పక్కపక్కన రాసుకుని వైద్యుడికి చూపించండి. తూర్పుకు పోతే రోజు కురచవుతుంది, పడమరకు పోతే సాగుతుంది. దాన్ని బట్టి మోతాదు ఎప్పుడు, ఎంత తీసుకోవాలో ఆయనే చెప్పాలి. ప్రయాణికులను తీసుకురావడానికి వెళ్ళేవారు, విమానం గేటు చేరిన వేళకు పాస్‌పోర్టు తనిఖీ, సామాను కోసం కనీసం 45 నిమిషాల నుంచి గంటన్నర వరకు కలుపుకోవాలి. విమానం బయలుదేరిన తరువాత కొత్తగా అంచనా వేసిన చేరే వేళను ఒకసారి చూసుకుని అప్పుడు ఇంటి నుంచి కదలండి, ఎందుకంటే వాలుగాలి బలంగా ఉన్న రాత్రి అది టికెట్టు మీది వేళ కంటే అరగంట ముందే చేరవచ్చు.